గోడ అవతలికి వెళ్లిన పండుగ పళ్లెం

పంపు గల్లీ, నాంపల్లి,
హైదరాబాదు.
తేదీ: 17-12-1996

గౌరవనీయులైన ఉప ఆరోగ్యాధికారి గారి సముఖమునకు,
ఆరోగ్య శాఖ ఉప కార్యాలయము,
(మా వంటింటి గోడకు అవతలి వైపు),
పంపు గల్లీ.

అయ్యా,

విషయం: తమ జప్తు గదిలో ఉన్న మా ఇత్తడి పళ్లెమును క్రిస్మస్‌కు ముందు ఇప్పించుట గురించి, మరియు తమ గది నుండి మా వంటింటికి వచ్చిపోవు ఎలుకలను పండుగ రోజులలోనైనా తమ వైపే ఉంచుకొనుట గురించి.

మెదక్ జిల్లా వాస్తవ్యుడను, ప్రస్తుతము పై చిరునామాలో కిరాయికి ఉండువాడను, మిషన్ బడిలో గంట కొట్టే పని చేసి విరమించినవాడను అగు బందెల సుందర్‌రాజ్ అను నేను తమకు తెలుపుకొనునది.

నాకు మాటలు తక్కువ. ఊరి బడిలో అయిదు దాకా చదివినాను. ఎదుట కుర్చీలో ఎవరైనా కూర్చుని ఉంటే ఉన్న మాటలు కూడా రావు. తల మాత్రము ఊగును. తమ కార్యాలయమునకు వచ్చిన ప్రతిసారీ తల ఊపి తిరిగి వచ్చుట అగుచున్నది. అందుచేత కాయితము మీద పెట్టుచున్నాను. తప్పులుంటే దిద్దుకొని చదువవలెను.

పండుగ వచ్చే వారమే. మా ఇంట్లో ఇంకా మూకుడు పొయ్యి ఎక్కలేదు. నా భార్య జ్ఞానమణి ఎక్కించనంటున్నది. పళ్లెం వస్తేనే అంటున్నది. పెళ్లయిన నాటి నుండి ఇట్లా ఎన్నడూ జరుగలేదు. నా బాధ మొత్తము ఇంతే. మిగతాది తమకు అర్థమగుటకై వరుసగా వ్రాయుచున్నాను.

1. మా వంటింటికి, తమ కార్యాలయపు వెనుక గదికి ఒకటే గోడ. ఇటుకల నడుమ సున్నము రాలిపోయిన పాత గోడ. ఇవతల మా పొయ్యి, బియ్యపు డబ్బా, నీళ్ల బిందె. అవతల తమ జప్తు గది. దసరా గానీ, రంజాన్ గానీ, ఏ పండుగ వచ్చినా తమ సిబ్బంది అబిడ్స్ నుండి చాదర్‌ఘాట్ దాకా తిరిగి, కల్తీ అని అనుమానము కలిగిన లడ్లు, కోవా, నెయ్యి, శనగపిండి పట్టుకొని వచ్చి, లక్క ముద్రలు వేసి ఆ గదిలో పెట్టుదురు. కేసు తేలేదాకా అవి అక్కడే ఉండవలెనట. కేసు తేలదు. అవి ఉండవు. ముద్రలు మాత్రము ఉండును.

ప్రజల ఆరోగ్యము కొరకు తమరు చేయుచున్న ఈ పని మంచిదే. ప్రజల ఆరోగ్యము ఎట్లున్నదో నాకు తెలియదు. ఎలుకల ఆరోగ్యము మాత్రము చాలా బాగున్నది. తమ శాఖ పేరు నిలబెట్టుచున్నవి అవే.

2. నా భార్య ఇల్లు ఉంచుకొను తీరు తమకు తెలుపవలసి ఉన్నది. తెలుపకపోతే తప్పు మాదే అనుకొందురు.

డిసెంబరు పడిందంటే ఆమెకు కాలు నిలువదు. అటక మీది డబ్బాలన్నీ దించి కడిగి ఎండకు పెట్టును. గోడలకు సున్నము వేయించును. చక్కెర డబ్బా, బెల్లపు డబ్బా నీళ్లు పోసిన తట్టలలో నిలబెట్టును, చీమ ఈదలేదు గనుక. బొద్దింకలకు బోరిక్ పొడి, చక్కెర, పిండి కలిపి ఉండలు చేసి అలమర వెనుక పెట్టును. బియ్యములో వేపాకు. బట్టల పెట్టెలో నాఫ్తలిన్ గోళీలు. పొద్దుగూకితే నీళ్లు పోయే మోరీ రంధ్రము మీద జాలీ వేసి, పైన రుబ్బురాయి పెట్టును. క్రిస్మస్ పాక కొరకు మార్కెట్ నుండి తెచ్చే గడ్డిని కూడా మేడ మీద ఎండబెట్టి, దులిపి, పురుగు లేదని తేలినాకనే బాలయేసు బొమ్మ కింద పరచును. పిండివంటలు చేసేటప్పుడు ఒక గుడ్డ తడిపి పక్కన పెట్టుకొనును. చక్కెర పలుకు కింద పడితే నేల తాకక ముందే తుడుచునేమో అనిపించును. మా గల్లీలో ఎవరింట్లోనైనా బొద్దింక కనబడితే, "జ్ఞానమణమ్మ ఎల్లగొట్టినట్టున్నది, గీడికొచ్చింది" అందురు.

ఇంత చేసినా ఎలుకలను ఆపలేకపోయినది. ఎందుకంటే ఎలుకలు వాకిలి నుండి వచ్చుట లేదు. గోడ నుండి వచ్చుచున్నవి. గోడకు సగమే ఆమెది.

కిందటి క్రిస్మస్‌కు ముందు మైదా జిగురుతో కాగితపు నక్షత్రము అంటించి గుమ్మానికి కట్టినాము. జిగురు రుచికి నక్షత్రపు మూడు కొమ్మలు తినివేసినవి. మిగిలిన కొమ్మలు తమ కార్యాలయము వైపు చూపించుచుండెను. తూర్పు దేశపు జ్ఞానులు దానిని చూచి వచ్చి ఉంటే, తమ గుమాస్తా గారి ముందు బల్ల మీద కూర్చుని ఉండేవారు.

సంఘము వారు క్యారల్స్‌కు వచ్చినప్పుడు, పాస్టరు గారు కండ్లు మూసుకొని ప్రార్థన చేయుచుండగా పాకలోని గడ్డి కదిలినది. బాలయేసు బొమ్మ పక్కకు ఒరిగినది. కండ్లు తెరిచి ఉన్నవాడిని నేనొక్కడినే అనుకొన్నాను. కానీ పాడే పిల్లలందరూ కూడా తెరిచే ఉంచినారట. ఒక ఆడపిల్ల కుర్చీ ఎక్కినది. పాస్టరు గారు ఆమేన్ తొందరగా అన్నారు. ఆ రోజు జ్ఞానమణి ఎవరి ముఖమూ చూడలేదు.

3. ఎలుకలు మా ఇంటికి తిండికి రావు. అది నేను ఒప్పుకొందును. భోజనము తమ వద్ద, కాపురము మా వద్ద. తమ గదిలో తిండి ఉన్నది గానీ నెమ్మది లేదు. పగలంతా బీరువాలు లాగుడు, ఫోన్లు, అర్జీదారుల అరుపులు. మా ఇల్లు శుభ్రముగా, వెచ్చగా ఉండును. నేను మాట్లాడను గనుక చప్పుడు కూడా ఉండదు. పడుకొనుటకు ఇంతకన్న మంచి చోటు నాంపల్లిలో వాటికి దొరకదు.

బోను పెట్టినాము. ఎండుచేప పెట్టినాము, కాల్చిన కొబ్బరి పెట్టినాము. ఒక్కటీ పడలేదు. ఈ సంగతి తమ గుమాస్తా బాలకిషన్ గారి ముందు నా భార్య చెప్పినది. నేను పక్కన నిలబడి తల ఊపినాను.

"బోన్ల ఏం పెట్టిన్రమ్మా?" అని ఆయన అడిగినారు.

"ఎండుచేప."

"ఎండుచేపకెందుకొస్తయమ్మా? గీడ నెయ్యి మైసూర్‌పాకున్నది. నేనైనా రాను."

"గట్లయితె జర గా మైసూర్‌పాకే ఒక ముక్క ఇయ్యి నాయనా. బోన్ల పెడ్త."

"అది జప్తు మాలమ్మా. ఎలుక తింటె దాన్ని ఎవరడుగుతరు? నేనిస్తె నా నౌకరి పోతది."

ఎలుకల మందు అడిగితే అది వేరే విభాగమన్నారు. ఆ విభాగము వారు వచ్చి, మందు పెట్టే ముందు ఎలుక ఎవరిదో తేలవలెనన్నారు. బాలకిషన్ గారే తేల్చినారు.

"గోడకు గీపక్కనున్నంత సేపు మాది. గాపక్కకు దాటిందంటె మీది. గంతే."

"మరి తోక మీ దిక్కు, తల మా దిక్కు ఉంటె?" అని జ్ఞానమణి అడిగినది.

ఆయన పెన్ను పక్కన పెట్టి ఆలోచించినారు. అట్లాంటి కేసు ఇంతవరకు రాలేదని, వస్తే పై ఆఫీసుకు వ్రాస్తామని అన్నారు. ఆయన మంచి మనిషి. అడిగినదానికి జవాబు చెప్పకుండా ఎవరినీ పంపరు.

4. మొజంజాహీ మార్కెట్ దగ్గర ఒకామె నుండి పిల్లిని తెచ్చినాము. మంచి పేరున్న పిల్లి. మా ఇంట్లో పాలు తాగినది, గోడ వాసన చూచినది, వెంటిలేటరు ఎక్కినది, తమ శాఖలో చేరిపోయినది. ఇప్పుడు తమ కార్యాలయములో ఫైళ్ల బీరువా మీద పడుకొని ఉండును. నేను వచ్చినప్పుడు ఒక కన్ను తెరిచి, అర్జీదారుడే గదా అని మళ్లీ మూసుకొనును. దానిని వాపసు ఇప్పించమని నేను అడుగుట లేదు.

5. ఇక పళ్లెము సంగతి. అసలు సంగతి ఇదే. మొదట వ్రాయుటకు ధైర్యము చాలలేదు.

మా వాళ్లలో క్రిస్మస్ వంటలు కాగానే పళ్లెములో పెట్టి, అల్లిక గుడ్డ కప్పి, ఇరుగుపొరుగు వారికి పంపుదురు. వారు ఏ దేవుణ్ణి మొక్కేదీ చూడరు. మా ఇంటి వాడుక ఏమనగా, మొట్టమొదటి పళ్లెము వంటింటి గోడ అవతలి వారికి. "మన పోపు ఘాటుకు రోజు దగ్గేది వాళ్లే. ముందుగాల వాళ్లే తినాలె" అని నా భార్య అనును. ఆ పళ్లెము ఆమె తల్లి ఇచ్చినది. ఇత్తడిది. చిన్నది, అడ్డము కొలిస్తే ఒక ఇటుక పొడవు ఉండును. అంచు మీద ఆ తల్లి పేరు చుక్కలతో కొట్టి ఉన్నది. గుడ్డ కూడా ఆమె అల్లినదే.

తమ కార్యాలయము రాక ముందు ఆ ఇంట్లో కోదండరామయ్య గారి కుటుంబము ఉండెడిది. వారు పళ్లెము వట్టిగా తిరిగి పంపేవారు కాదు. జామపండ్లో, గుప్పెడు చక్కెరో, ఏమీ లేని నాడు నాలుగు తులసి ఆకులో వేసి పంపేవారు. పళ్లెము వట్టిగా పంపడము ఎవరికీ వాడుక లేదు గదా. వారు ఖాళీ చేసి, తమ బోర్డు వచ్చినాక, ఇక ఆపుదామా అని నేను సైగ చేసినాను.

"గోడ మారిందా?" అని ఆమె అడిగినది.

నేను లేదని తల ఊపినాను. ఆమె పళ్లెము నింపినది.

తమ సిబ్బంది కూడా మర్యాదస్తులే. ఏటేటా తిని, కడిగి, సర్కారు క్యాలెండరో పెన్సిలో పెట్టి పంపేవారు. మా ఇంట్లో ఇప్పటికీ ఆ పెన్సిళ్లే ఉన్నవి. ఈ అర్జీ చిత్తుప్రతి వ్రాసినది కూడా వాటితోనే.

6. కిందటి సంవత్సరము పండుగ ముందు రోజు నేను పళ్లెము పట్టుకొని వచ్చినప్పుడు, కొత్తగా వచ్చిన ఇన్‌స్పెక్టరు గారు ఒక్కరే ఉన్నారు. చిన్న వయసు. ఇప్పుడు బదిలీ మీద వెళ్లిపోయినారు గనుక పేరు వ్రాయను. పండుగ స్పెషల్ డ్రైవ్ అట. చాలినన్ని శాంపిళ్లు పట్టలేదని పైనుండి అప్పుడే ఫోను వచ్చినదట. ఆయన తల పట్టుకొని కూర్చున్నారు. తల ఎత్తేసరికి ఎదుట నేను, నా చేతిలో కొందరు కజ్జికాయలనే గరిజెలు, గవ్వలు, నూనెలో వేయించిన గులాబీ పువ్వులు, కేకు ముక్కలు.

"ఇవి ఎక్కడ తయారు చేశారు?"

నేను గోడ వైపు చూపించినాను.

"లైసెన్సు ఉందా?"

తల ఊపినాను.

"ఉందా, లేదా?"

తల ఊపినాను.

"పబ్లిక్‌కు పంచుతారా ఇవి?"

గల్లీ అంతా పంచుతాము. అది మంచి పనే గదా అని కొంచెము గట్టిగానే ఊపినాను.

ఆయన లేచి నిలబడి పంచనామా కాయితము తీసినారు. సాక్షిగా తమ కార్యాలయము ఊడ్చే పూలమ్మను పిలిచినారు.

"ఈ పదార్థం నువ్వు తిన్నావా?"

"ఔ సారూ. పొద్దుగాల అమ్మ రెండు గరిజెలిచ్చింది."

"తిన్నాక ఏమైనా అయిందా?"

"అయింది సారూ. ఇంకో రెండు తినాలనిపిచ్చింది."

ఆయన ‘సాక్షికి తిన్న పిదప అసాధారణ ఆకలి’ అని వ్రాసుకొన్నారు. గులాబీ పువ్వులను ‘పుష్పాకారములో గుర్తు తెలియని వస్తువు’ అని, కేకును ‘నల్లని ముద్ద’ అని వ్రాసినారు. ఆ కేకు పిండి నా భార్య స్వయముగా కలిపి, బేకరీ పొయ్యి దగ్గర కూర్చుని కాల్పించుకొని తెచ్చినది. తయారీ తేదీ లేదు, లేబులు లేదు అని, తయారు చేసినది గనుక నా భార్య పేరనే కేసు వ్రాసినారు. పళ్లెమునకు గుడ్డతో సహా దారము చుట్టి, లక్క ముద్ర వేసి, జప్తు గదిలో పెట్టినారు. నేను వట్టి చేతులతో ఇంటికి వచ్చినాను.

"పళ్లెమేది?" అని జ్ఞానమణి అడిగినది.

"అరెస్టయింది" అన్నాను.

ఆ యేడు నేను ఇంట్లో పలికిన మాటలలో అదే పెద్దది.

7. పళ్లెము తిరిగి రాలేదు.

8. తరువాత మేమిద్దరమూ బాలకిషన్ గారి వద్దకు చాలాసార్లు వచ్చినాము. ఆయన చెప్పినది నాకు అర్థమైనంత వరకు వ్రాయుచున్నాను. అర్థము కానిది తమరు పూరించుకొనవలెను.

"శాంపిల్ నాశనం చేసినంకనే దాని గిన్నె వాపసియ్యాలె. రూలమ్మా."

"నాశనం చెయ్యి మరి" అని నా భార్య అన్నది.

"చేద్దమంటె శాంపిలేది? ఎలుకలు తిన్నయి."

"తిన్నయంటె నాశనమైనట్టే గద."

"ఎలుకలు చేసింది లెక్కకు రాదమ్మా. కమిటీ చెయ్యాలె. కమిటీ చెయ్యాలంటె శాంపిల్ కండ్ల ముందట ఉండాలె."

"అయితె మళ్ల చేసి తెచ్చియ్యాల్నా?"

"తెస్తె కొత్త శాంపిలైతది. దానికి ఇంకో కేసు." ఆయన జర ఆగి, "గాని గరిజెలైతె తీస్కరమ్మా. కేసు పెట్టను" అన్నారు.

మొదట బోనాలు కానీ అన్నారు. బోనాలైనవి. నిమజ్జనం డ్యూటీ కానీ అన్నారు. అదీ అయినది. దసరా అప్పుడు, దీపావళి అప్పుడు కొత్త జప్తు మాలు వచ్చి గది నిండినది, లోపలికి దారి లేదన్నారు. ఇప్పుడు జనవరి నుమాయిష్ ఎగ్జిబిషన్ తయారీ పని మీద అందరూ మైదానము దగ్గరే ఉంటున్నారు. క్రిస్మస్ కానీయండి, చూద్దాము అన్నారు. క్రిస్మస్ అయినాక ఆ పళ్లెము నాకెందుకు.

పళ్లెము ఎక్కడ ఉన్నదో పూలమ్మ చూచి వచ్చి చెప్పినది. "మీ గోడకే ఆనిచ్చి కింద పెట్టిన్రమ్మా. చెయ్యి పెడితె అందుతది. నడుమ గోడొక్కటే అడ్డం."

9. ఇది వ్రాయవచ్చునో లేదో తెలియదు. వ్రాయుచున్నాను.

ఈ యేడు కూడా జ్ఞానమణి ఇల్లు దులిపినది. డబ్బాలు ఎండబెట్టినది. గడ్డి మేడ మీద ఆరుచున్నది. చీమల తట్టలలో నీళ్లు పోసినది. నక్షత్రమునకు ఈసారి మైదా జిగురు వద్దని దారముతో కుట్టినది. పిండి పట్టించి తెచ్చినాను. నూనె తెచ్చినాను. అన్నీ ఉన్నవి. వంట మాత్రము చేయుట లేదు.

"ముందు పళ్లెం దేంట్ల పంపాలె?" అని అడుగును.

నేను స్టీలు పళ్లెము తీసి చూపించినాను. ఆమె నా దిక్కు చూచినది. నేను దానిని లోపల పెట్టినాను.

పొయ్యి ముందు పీట వేసుకొని గోడ దిక్కు చూచుచూ కూర్చొనును. అవతల కరకరమని చప్పుడగును. "అమ్మ పేరు కొరుకుతున్నయో ఏమో" అనును. ఇత్తడిని ఎలుకలు కొరకవు. ఆ మాట ఆమెకు చెప్పవలెనని పక్కన కూర్చున్నాను. చెప్పలేక లేచి వచ్చినాను. అయ్యా, మాటలు రానందుకు నాకు ఇదివరకు ఎన్నడూ బాధ కలుగలేదు. గంట కొట్టేవానికి మాటలతో పని లేదు. తాడు లాగితే గంటే చెప్పును. ఇప్పుడు బాధ కలుగుచున్నది.

కావున తమరు దయతో,

(అ) మా పళ్లెమును పండుగకు ముందు ఇప్పించవలెను. ముద్రతో ఇచ్చినా ఫరవాలేదు.

(ఆ) నా భార్యపై ఉన్న కేసును, సరుకు తిన్న వారి మీదికి మార్చవలెను. వారు తమ కార్యాలయములోనే ఉన్నారు. సమన్లు పంపుటకు దూరము పోనక్కరలేదు.

(ఇ) గోడకు తమ వైపు సిమెంటు వేయించవలెను. మా వైపు ఎన్నిసార్లు గాజు పెంకులు కూరినా అవతల నుండి తవ్వుచున్నవి.

(ఈ) అది వీలు కాని పక్షమున, పండుగ వారము మాత్రము ఇంకొన్ని దుకాణాలు పట్టి, ఎలుకలకు కడుపు నిండా పెట్టి, తమ వద్దనే నిద్రపుచ్చవలెను. క్యారల్స్ వారు వచ్చి పోయినంత సేపైనా చాలును.

ఇంతకు మించి వ్రాయుట చేతకాదు. తమరు లేచి రానవసరము లేదు. గోడకు అటువైపు కూర్చొనియే మా సంగతి చిత్తగించవలెను.

తమ గోడ ఇవతలి విధేయుడు,
బందెల సుందర్‌రాజ్
(మిషన్ బడి గంట సుందర్‌రాజ్ అంటే అందరికీ తెలియును)

తాజా కలము:

అయ్యా, పై అర్జీ మడత పెట్టుచుండగా వంటింట్లో ధబ్బుమని చప్పుడైనది. వెళ్లి చూచితిని. జ్ఞానమణి గోడ సందులో గాజు పెంకులు, సున్నము కూరి రోకలితో పొడుచుచున్నదట. పండుగ ముందు ఈ ఒక్క సందైనా మూయాలని. ఎలుకలు అప్పటికే చుట్టూ తవ్వి పెట్టినవి. రోకలి పోటుకు ఇటుక మొత్తము ఊడి తమ గదిలో పడినది.

ఆమె కొవ్వొత్తి వెలిగించి ఆ కంతలో నుండి చూచినది. తరువాత చెయ్యి వెనక్కి చాపి, "పట్టుకారు ఇయ్యి" అన్నది.

ఇచ్చినాను.

పళ్లెము వచ్చినది. ఇటుక ఊడిన సందులో నుండి, అంచు కూడా రాసుకోకుండా, బల్ల మీద జరిపినట్లు వచ్చినది. దారము లేదు. లక్క ముద్ర మాత్రము పగులకుండా పళ్లెములోనే ఉన్నది. అంచు మీద మా అత్తగారి పేరు ఉన్నది. ఒక్క చుక్క పోలేదు. గరిజెలు, గవ్వలు, పుష్పాకార వస్తువులు ఏవీ లేవు. అల్లిక గుడ్డ గుండ్రముగా చుట్టి ఉన్నది. ఆమె దానిని విప్పినది. లోపల ఎలుక పిల్లలు. ఎర్రగా, కండ్లు తెరవనివి, ఒకదాని మీద ఒకటి.

నేను రెండు అడుగులు వెనక్కి వేసినాను. ఆమె వేయలేదు.

"చూసినవా, గోడ అవతలోళ్లు పళ్లెం వట్టిగ పంపలే" అన్నది.

అని నవ్వినది. కొవ్వొత్తి కింద పెట్టి, కొంగు నోటికి అడ్డము పెట్టుకొని నవ్వినది. నాకు కూడా వచ్చినది. ఇద్దరము వంటింటి నేల మీద కూర్చున్నాము. తమ కార్యాలయములో ఎవరైనా ఉండి ఉంటే విని ఉందురు.

"పండుగ ముందట ప్రాణం తియ్య. నా ఇంట్ల పెట్టుకోను గూడ" అని, ఆ పిల్లలను గుడ్డతో సహా తిరిగి అదే సందులో నుండి తమ వైపు గోనె సంచి మీద పెట్టినది. తల్లి అల్లిన గుడ్డ గదా అని నేను సైగ చేసినాను.

"చలిగున్నది. ఉండనియ్యి. పళ్లెం మీదికి నేను కొత్తది అల్లుకుంట" అన్నది.

జప్తులో ఉన్న సొత్తును ఈ విధముగా తీసుకొనుట నేరమని నాకు తెలియును. కేసు పెట్టదలచినచో పండుగ తరువాత పెట్టవలెను. తమ గదిలో నుండి ఇన్ని లడ్లు, ఇంత నెయ్యి సందులో నుండి పోయినా తమరు ఎవరి మీదా పెట్టలేదు గనుక, ఆ వరుసలోనే మమ్మును కూడా చూచుకొనవలెనని ప్రార్థన. లక్క ముద్రను జాగ్రత్త చేసినాము. కావలసినప్పుడు హాజరు పరచెదము.

పైన వ్రాసిన (అ) కోరికను రద్దు చేసుకొనుచున్నాను. మూకుడు పొయ్యి ఎక్కినది. నూనె కాగిన వాసన ఇప్పటికి తమ వైపుకు వచ్చి ఉండును.

పండుగ ముందు రోజు ఉదయము మొదటి పళ్లెము తమకే. గోడ మారలేదు. నేనే పట్టుకొని వస్తాను. ఈసారి ఎవరు ఏమి అడిగినా తల ఊపను. తమరు తినేదాకా అక్కడే నిలబడి, పళ్లెము నా చేత పట్టుకొనే తిరిగి వస్తాను.

వట్టిగా పంపుట బాగుండదని తమకు మొహమాటము కలుగవచ్చును. క్యాలెండరు వద్దు, పెన్సిలు వద్దు. మా గోడ ఇటుక ఒకటి తమ గదిలో పడి ఉన్నది. అది వేసి పంపితే చాలును. పళ్లెములో సరిగ్గా పట్టును.